యాదమ్మ వంతు పాలు

చెంబు బోర్లించి, అడుగున మిగిలిన చుక్కను కూడా విదిలించి, మా అత్త ఓబులమ్మ జామచెట్టు మొదట్లో కాలితో మన్ను కప్పింది.

"ఏంటికి పారబోసినావత్తా?" అన్నాను. "బిడ్డ ఆకలిమీదుండాది గదా!"

"ఆకలైతే గంజి పొయ్యి. ఆ పాలు ఇంకొక్క గుక్క నా మనవరాలి గొంతులో దిగితే నేనీ ఇంట్లో ఉండను."

పెంచలి అరుగుమీద కూచుని తడిసిన మట్టికేసి చూస్తోంది. మూడేళ్ళ బిడ్డ. ముంతెడు పాలు కళ్ళెదుట పారబోస్తుంటే ఏడవాలి కదా? ఏడవలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో సత్తువుండాలని ఈ రెండు నెలల్లోనే నాకు తెలిసింది.

"రోశమ్మ ఇంటి పాలని చెప్పినావు నాతో. రోశమ్మ బర్రె వట్టిపోయి ఎన్నాళ్ళయింది? నేను ముసలిదాన్నే గానీ గుడ్డిదాన్ని కాదు మే. నిన్న నీ వెనకాలే వచ్చినా సంత కొట్టాల దాకా."

సంత కొట్టాల్లో నిజాం ఇలాకా నించి వచ్చిన కాందిశీకులున్నారు. రజాకార్ల బాధ పడలేక వచ్చిన వాళ్ళు. బెజవాడ శిబిరాల్లో చోటు చాలక కొన్ని కుటుంబాలను విడతలుగా మా ఆత్మకూరు పంపించారు. చివరి విడతలో వచ్చిన మల్లవ్వ వాళ్ళు ఊళ్ళో దిగి నెల కూడా కాలేదు.

"వాళ్ళు మాత్రం మనుషులు కారా అత్తా? ఆ మల్లవ్వ తనంతట తానే ఇచ్చింది. నేను చెయ్యి చాచలేదు."

"ఎందుకిచ్చింది?"

"బిడ్డ కాళ్ళు చూసి జాలిపడింది."

"ఆమెకు బిడ్డలెంతమంది?"

"ముగ్గురు."

"ఇద్దరే." మా అత్త చెంబును గోడవారకు విసిరింది. "మూడోది చచ్చి నెల దాటింది. నేనడిగినా. పక్క కొట్టంలో ముసలిది చెప్పింది. చచ్చిన ఆ యాదమ్మ పేరు మీద దినామూ పావుసేరు పాలు పట్టుకొస్తా ఉండాది. నా మనవరాలి చేత నువ్వు తాగిస్తా ఉండేది ఆ పాలు. చచ్చినోళ్ళ వంతు తినేది కాకులు మే! మనుషులు కాదు!"



"నాకు తెలీదత్తా. పెంచలకోన సామి మీద ఒట్టు."

"తెలీదంటే సరిపోయిందా? అయిదో తరగతి చదివినావే! పాలెట్టొచ్చినాయని ఒక మాట అడగను రాలేదా?"

అడగలేదు. అది మాత్రం నిజం. అడిగితే ఆగిపోతాయేమోనని అడగలేదు.

ఉదయగిరిలో ఉన్నప్పుడు ఈ బాధలేవీ లేవు. మా వైపు మజ్జిగ అమ్మరు. అమ్మితే ఇంట్లో పాడి ఉండదంటారు. చిలికిన ఇంటికి పొద్దున్నే ఎవరు చెంబు తెచ్చినా పోసి పంపిస్తారు. పాడి లేని మాబోటి వాళ్ళ పిల్లలు అట్లానే పెరుగుతారు. సంకటిలో మజ్జిగ పోసుకుని, కొండమీది సీతాఫలం తిని. మా ఆయన రామనారాయణ బోర్డు స్కూలు అయివారు. ఆయనకు బదిలీ అయి ఆత్మకూరు వచ్చిన పదిరోజులకే కాందిశీకులొచ్చారు. కాందిశీకుల సహాయ కమిటీ వాళ్ళు శిబిరం పిల్లలకోసం మంచి ధర ఇచ్చి ఊళ్ళో పాలన్నీ పొదుగు దగ్గరే కొనేస్తున్నారు. పాలు మిగిలితే కదా తోడు పెట్టేది? తోడు పెడితే కదా చిలికేది? ఒక్కొక్క ఇంట్లోనూ కవ్వం మూలకు చేరింది. మజ్జిగ పోసే గుమ్మాలన్నీ మూతపడ్డాయి. అణాకు వచ్చే కోడిగుడ్డు బేడ పెట్టినా లేదు.

ఎవరిని తిట్టుకోను? వాళ్ళూ పిల్లల తల్లులే. కమిటీ చేస్తున్నదీ పుణ్యమే. అయినా నా బిడ్డ కాళ్ళు ఉబ్బాయి, జుట్టు ఎర్రబడింది. ఊళ్ళో డాక్టరు చూసి, "మందు లేదమ్మా. తిండే మందు. పాలు, గుడ్డు, పప్పు. ఆలస్యం చెయ్యొద్దు," అన్నాడు.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చెప్పనందుకే నాకు నిద్ర పట్టడం లేదు.

ఈ ఇరవై రోజుల పాలతో పెంచలి కాళ్ళ వాపు కాస్త తీసినట్టుంది. తీసిందా, నా కళ్ళకు అట్లా అనిపిస్తోందా? తీస్తే, ఆ పాల వల్లే కదా? ఆ పాలే చెడుపు అయితే?

*

మల్లవ్వ కొట్టం ముందర రాయిమీద కూచుని పెద్దకూతురు లింగవ్వకు తల చూస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"ఏమక్కా, చెంబు తేలే? పొద్దుగాల తీస్కపోయినవి అప్పుడే తాగిందా పోరి?"

"యాదమ్మ ఎవరు మల్లవ్వా?"

ఆమె చెయ్యి లింగవ్వ జుట్టులోనే ఆగిపోయింది.

"లింగా, తమ్మున్ని బాయికాడికి తోల్కపో," అంది. పిల్లలిద్దరూ కనుమరుగయ్యాక నా వైపు తిరిగింది.

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెపితే ఏంది? చచ్చిన బిడ్డ పాలు నా బిడ్డకు పోసినావా? నీకు చెయ్యెట్టా ఆడింది?"

"మరేం జెయ్యాలె అక్కా?" అరవలేదు ఆమె. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. "బెజవాడల రాసిన చీటీల ముగ్గురుండ్రు. చీటీ ఈడికొచ్చింది, నా పోరి రాలే. పాలు కొలిచేటాయిన యాదమ్మ అని పిలిస్తడు. లేదని చెప్పబోతే నోరు రాదు. పట్టుకుంట. పట్టుకున్న పాలు ఏం జెయ్యాలె? నా పిల్లలకు పోద్దామంటే చెయ్యి రాదు. మూడు దినాలు పారబోసిన. నాలుగో దినం బాయికాడ నీ పోరి కాళ్ళు జూసిన."

"చూసి?"

"నా యాదికి గిట్లనే ఉండె."

గిట్లనే. ఆ ఒక్క మాట నా చెవిలో ములుకులాగా దిగింది. గిట్లనే ఉండి, తరవాత ఏమయింది? ఎన్నాళ్ళకు? ఎట్లా పోయింది? అన్నీ అడుగుదామని నోరు తెరిచాను. ఒక్కటీ అడగలేకపోయాను. మా ఇద్దరి మధ్య రాయిమీద ఎండ పాకుతోంది.

"నీ బిడ్డ పేరేంది? పెంచలమ్మ గదా?" చివరికి తనే అంది. "మీ కోనల ఉన్నది నరసింహసామే. మా యాదగిరిగుట్ట మీద ఉన్నదీ నరసింహసామే. ఇద్దరు ఒక్క సామి బిడ్డలే అనుకున్న. తప్పయితే నన్ను కొట్టు."

కొట్టడానికే వచ్చానేమో. తెలియదు. తీరా చూస్తే ఆమె పక్కన కూచుని ఉన్నాను.

"రేపు లెక్క ఉన్నదట," అంది మల్లవ్వ గొంతు తగ్గించి. "నెల్లూరు నించి డాక్టరమ్మ గూడ వస్తదట. బిడ్డలనందరిని నిలబెట్టి పేరుపేరున చూస్తరట. లేని బిడ్డ పేరు దొరికితే చీటీయే గుంజుకుంటరట. నా ఇద్దరి పాలు గూడ బందు."

"అయితే?"

"నీ పోరిని ఒక్క ఘడియ ఇయ్యి అక్కా. నా పక్కన నిలబెడత. యాదమ్మ అంటే పలుకుతది, దానికి అలవాటయింది."

"అలవాటయిందా?"

"బాయికాడ నేను అట్లనే పిలుస్త కదా," అంది, అదేమీ వింత కానట్టు.

నేను లేచి వచ్చేశాను. ఇస్తానని అనలేదు. ఇవ్వననీ అనలేదు.

*

శనివారం ఒంటిపూట బడి. మా ఆయన చంకలో లావుపాటి పుస్తకంతో వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. అన్నం వడ్డించాను. మా అత్త మూలన కూచుని ఆకు నములుతోంది. ఇప్పుడు చెప్పేస్తుంది, ఈ ముద్ద దిగగానే చెప్పేస్తుంది అని చూస్తున్నాను. ఆమె ఆకు నములుతూనే ఉంది.

"ఆ పుస్తకమేంది?" అన్నాను.

"శిబిరం పట్టీ. రేపు పేర్లు పిలిచేది నేనే. కమిటీలో మాల్యాద్రికి దినామూ పాలు కొలిచేదానికే సరిపోతా ఉండాది."



"మీరా?"

"ఏం? నాకు చదువు రాదా?" నవ్వాడు. "కాగితం మీద నూటపది మంది బిడ్డలు. కళ్ళకు కనపడేది తొంభై. మిగతా ఇరవై మంది ఏ లోకంలో పాలు తాగతా ఉండారో రేపు తేలుస్తాం."

"పాపం, తల్లులు..."

"తల్లులైతే? దొంగపేరు మీద పోయే ప్రతి చెంబూ ఒక బిడ్డ నోటికాడిదే గదా. నిన్న కడాన నిలబడిన ఆరుగురు పిల్లలకు పాలు లేవు. వట్టి చేతులతో పంపినారు."

నేను పెంచలిని ఒళ్ళోకి లాక్కున్నాను. ఆ ఆరుగురిలో ఒకరి పాలు ఈ బిడ్డ కడుపులో ఉన్నాయేమో!

"మన బిడ్డ పేరు రాయరాదా ఆ పుస్తకంలో?"

"మనం కాందిశీకులమా?"

"ఉదయగిరి నించి బండెక్కించి తోలినారు గదా మనల్ని మాత్రం," అంది మా అత్త మూల నించి. "రజాకార్లు కాదు, బడుల ఇన్‌స్పెక్టరు తోలినాడు. అంతే తేడా."

ఆయన నా వైపు తిరిగాడు. "నా బిడ్డ పేరు నేనే రాసుకుంటే ఎల్లుండి ఊళ్ళో ఎవరిని కాదనేది? చెప్పు. రోశమ్మ మనవడికి లేదా వాపు? వెంగయ్య బిడ్డకు లేదా?"

"ఊళ్ళో బిడ్డలందరికీ రాయండి అయితే! పాలన్నీ ఊళ్ళోవే గదా!"

"ఎక్కడినించి తెచ్చి పొయ్యాల?"

ఆయన తన విస్తట్లో పప్పంతా ఒక పక్కకు తీసి, మెత్తగా మెదిపి, పెంచలి నోటికి అందించాడు. అది రెండు ముద్దలు తిని మొహం తిప్పుకుంది. ఆయన మిగతా అన్నం నీళ్ళచారుతో కలుపుకుని, తల ఎత్తకుండా తిన్నాడు.

ఆ మనిషిని చూస్తే నాకు కోపం రావాలో, దండం పెట్టాలో తెలియలేదు. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. చెపితే మల్లవ్వ చీటీ చింపుతాడు. చెప్పకపోతే రేపు తన చేత్తోనే తన బిడ్డను...

ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాక మా అత్తను అడిగాను. "ఏంటికి చెప్పలేదత్తా?"

"వాడికి చెపితే వాడేం చేస్తాడో నాకు తెలుసు. వాడి నాయన కూడా అంతే," అంది. అది పొగడ్తో తెగడ్తో ఆమె మొహంలో కనిపించలేదు.

*

ఆదివారం పొద్దున నేను పెంచలిని చంకనేసుకుని గడప దాటుతుంటే మా అత్త అడ్డం నిలబడింది. మల్లవ్వ ఏమడిగిందో రాత్రే ఆమెతో చెప్పాను. లాగేసుకుంటుందని నేను బిడ్డను గట్టిగా పట్టుకున్నాను.

ఆమె చెయ్యి బిడ్డ గౌను కిందికి పోయింది. వెండి మొలతాడు విప్పింది.

"కాందిశీకుల పిల్లకు వెండి మొలతాడేంది మే? ఆ మాత్రం తోచలేదా?" మొలతాడును కొంగున ముడేసుకుంది. "కాకుల కూడని నిన్న అన్నా. రాత్రంతా ఆ మాటే నెమరేసినా. కాకైనా బతికే ఉంటది గదా. పో."

సంత కొట్టాల ముందర బల్ల వేశారు. బల్ల వెనక మా ఆయన, పక్కన నెల్లూరు డాక్టరమ్మ. మేం ఈ ఊరొచ్చి మూడు నెలలు కాలేదు. ఇంట్లోనే పడి ఉండే జబ్బు బిడ్డను చూసినవాళ్ళు మా వీధిలోనే అరుదు. ఇక్కడ ఒకే ఒక్కడు గుర్తుపడతాడు.

మల్లవ్వ చేతిలో పెంచలిని పెట్టి నేను పక్క కొట్టం గుంజ చాటుకు తప్పుకున్నాను. ఏం జరుగుతుందనుకుని వచ్చానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. ఆయన తల ఎత్తడనుకున్నానా? ఎత్తినా ఊరుకుంటాడనుకున్నానా? రాత్రంతా ఆలోచించి తెల్లారేసరికి ఆలోచనే లేకుండా వచ్చాను.

ఒక్కొక్క పేరూ పిలుస్తున్నాడు. బిడ్డ వస్తుంది. డాక్టరమ్మ కనురెప్ప తిప్పి చూస్తుంది. పుస్తకంలో గీత పడుతుంది. నాలుగు పేర్లకు ఎవరూ రాలేదు. నాలుగు పేర్లూ కొట్టేశాడు. ఒక తల్లి కాళ్ళమీద పడబోయింది. "లేమ్మా," అన్నాడు. కొట్టేసిన గీత మాత్రం అట్లాగే ఉంది.

"మల్లవ్వ. బిడ్డలు ముగ్గురు. లింగవ్వ."

"ఉన్నది."

"కొమరయ్య."

"ఇగో."

"యాదమ్మ."

మల్లవ్వ పెంచలిని ముందుకు జరిపింది. ఆయన గీత పెట్టడానికి కలం దించి, తల ఎత్తాడు.

ఆయన కళ్ళు బిడ్డమీద నించి మల్లవ్వ మీదికి, అక్కడినించి కొట్టాల వెంబడి వెతుక్కుంటూ వచ్చి నా దగ్గర ఆగాయి. నేను తల అడ్డంగా ఊపానా, నిలువుగా ఊపానా? చేతులు జోడించానని మాత్రం గుర్తు.

ఇంతలో డాక్టరమ్మ పెంచలిని దగ్గరికి తీసుకుని కాలిమీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అట్లాగే ఉండిపోయింది. వాపు తీసిందనుకున్నాను నేను. తియ్యలేదు.

"ఈ పిల్లను ఇవాళే నెల్లూరు తీసుకుపోవాలి," అంది డాక్టరమ్మ. "ఈ పావుసేరు పాలతో ఇది తేరుకోదు. ఆసుపత్రిలో పెట్టి మూడు వారాలు పాలు, గుడ్లు దగ్గరుండి పెట్టాలి. శిబిరం బిడ్డలకు ఆరు మంచాలు కేటాయించారు, ఒకటే మిగిలింది. పైసా ఖర్చు లేదు. తల్లి వెంట ఉండాలి. నువ్వేనా తల్లివి?"

మల్లవ్వ నాకేసి చూసింది. అవునని అనదు, కాదని అనదు. ఆ మాట నాకోసం వదిలిపెట్టింది.

నా బిడ్డ అని అరవడానికి నాకు ఒక్క అడుగు చాలు. అరిస్తే ఆ మంచం దక్కదు. అది శిబిరం బిడ్డది, అయివారి బిడ్డది కాదు. మల్లవ్వ చీటీ చిరుగుతుంది. అరవకపోతే నా బిడ్డ ఇంకొకామె బిడ్డగా ఊరు దాటుతుంది.

"ఎవరండీ తల్లి? అయివారూ, పట్టీలో ఎవరని ఉంది?" డాక్టరమ్మ విసుక్కుంది.

ఆయన పుస్తకంలోకి చూశాడు.

"మల్లవ్వ," అన్నాడు. "తల్లి మల్లవ్వ." యాదమ్మ పేరు పక్కన గీత పెట్టాడు.

ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అది. బిడ్డకోసం ఆడాడా? నలుగురిలో తన పరువు పోతుందని ఆడాడా? ఆ మొహం చూస్తే తెలుస్తుందేమోనని చూశాను. కలం మూతి తుడుచుకుంటున్నాడు.

పక్కన ఆగి ఉన్న ఆసుపత్రి వ్యాను ఇంజను అప్పటికే శబ్దం చేస్తోంది. మల్లవ్వ పెంచలిని ఎత్తుకుని, మిగతా ఇద్దరినీ నా వైపు నెట్టింది.

"వీండ్లను జూడు అక్కా," అంది. అంతే. పెంచలి ఆమె భుజంమీద తల వాల్చింది. తలుపు మూశారు.

నేను వ్యాను వెంట నాలుగడుగులు వేశానేమో. కొంగు పట్టి ఎవరో లాగారు. లింగవ్వ. దాని చంకలో తమ్ముడు.

"పెద్దమ్మా, అమ్మ దవాఖానకు పోతున్నదా?"

"అవునమ్మా. మూడు వారాల్లో వచ్చేస్తుంది. ఇద్దరూ వచ్చేస్తారు."

ఆ పిల్ల దుమ్ములో మసకబడుతున్న వ్యానును చూస్తూ, ఎవరికీ చెప్పనట్టు మెల్లిగా అంది.

"బెజవాడల యాదిని గూడ దవాఖానకే తోల్కపోయింది. అమ్మ ఒక్కతే మర్ల వచ్చింది. చెల్లె ఏదే అంటే ఇప్పటిదాకా చెప్పలే."

బల్ల దగ్గర ఆయన తరవాతి పేరు పిలిచాడు.